పద్నాలుగో అర

వాడ్సో బడిలో ఆయా లేదు, వాచ్‌మన్ లేడు,
రెండూ నేనే.
బల్బులు మారుస్తాను, మెట్ల మీద మంచు గీకుతాను,
పొద్దున ఎనిమిదింటికి
తొమ్మిదో తరగతి గుమ్మం పక్క చెక్కపెట్టెకి తాళం వేస్తాను.
ఇరవై ఆరు అరలు, ఇరవై ఆరు ఫోన్లు.
పిల్లలు దాన్ని హోటల్ అంటారు.
"మావాడికి గది దొరికిందా, గుడ్లౌగ్?" అని
రోజూ ఒకడైనా అడుగుతాడు.
పాత జోకే. రోజూ నవ్వుతాను.

నవంబరు చివర్న సూర్యుడు వెళ్లిపోయాడు,
మళ్లీ జనవరిలోనే.
ఈ చీకట్లో వెలుతురు ఎక్కణ్నించి వచ్చినా
మొహం అటే తిరుగుతుంది. తప్పు పట్టను.
నేనూ అర్ధరాత్రి దాకా వంటింట్లో కూర్చుని
ఎవరో ఒకావిడ రొట్టెపిండి పిసకడం చూస్తుంటాను.
నేను రొట్టె చేసి పదేళ్లయింది.

ఆ మంగళవారం పద్నాలుగో అర ఆగకుండా వణికింది,
లెక్కల పీరియడంతా,
చెక్కలో ఇరుక్కున్న కందిరీగలా.

విరామంలో అస్లాక్ వచ్చాడు.
"కడుపునొప్పి. ఇంటికెళ్లాలి. ఫోనివ్వవా?"
కడుపునొప్పి ఉన్నవాడు కడుపు పట్టుకుంటాడు.
వీడి చూపు గోడ గడియారాన్ని పట్టుకుని వేలాడుతోంది.
బాయిలర్ గదిలో రెండు స్టూళ్లున్నాయి.
తలుపు తెరిచే ఉంచి కూర్చున్నాం.

మాటలు ముక్కలుగా వచ్చాయి.
ఒక అమ్మాయి. ఆల్టాలో ఉంటానంది.
హాకీ ఇష్టమంది, వాడి కుక్క పేరు గుర్తుపెట్టుకుంది.
రెండు వారాలయ్యాక ఒక ఫోటో పంపింది,
తర్వాత ఒకటి అడిగింది.
ఇప్పుడు ఆ అమ్మాయి లేదు. ఎప్పుడూ లేదేమో.
ఎవరో ఉన్నారు, వాళ్లకి ఐదువేల క్రోనర్లు కావాలి,
పన్నెండింటిలోగా.
లేదంటే హాకీ జట్టంతా చూస్తుంది. అమ్మమ్మా చూస్తుంది.
అమ్మమ్మ పేరు కూడా రాశారు,
ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"ఎందుకు పంపావురా?"
నా నాలుక మీదికి మొదట వచ్చింది ఇదే.
మింగాను.
నిజం చెప్పాలంటే, రెండోసారి కూడా వచ్చింది.

బదులుగా సరస్సు గురించి అడిగాను.
ఏటా మార్చిలో బడి పిల్లలందర్నీ
గడ్డకట్టిన నీళ్ల మీదికి తీసుకెళ్తాం.
రంపంతో గొయ్యి కోసేది నేనే.
నడుముకి తాడు కట్టి ఒక్కొక్కర్నీ దిగమంటాం,
పడితే ఎలా రావాలో ఒంటికి తెలియాలని.
"పడ్డాక ఏం చెయ్యాలి, అస్లాక్?"

ముక్కు తుడుచుకున్నాడు.
"ముందుకి ఈదకూడదు.
వచ్చినవైపే తిరగాలి. అక్కడి మంచు అందాకా మోసింది కదా."
"ఇంకా?"
"అరవాలి."
"ఎందుకు పడ్డావని అక్కడ ఎవరైనా తిట్టారా?"
"నువ్వు తిట్టావు. నీ రంపం తొక్కానని."
ఇద్దరం నవ్వాం. వాడిది మధ్యలో ఏడుపైంది.

డబ్బు పంపలేదు. అది ముందుకి ఈదడం.
సందేశాలు చెరపలేదు, తేదీలతో సహా దాచాం.
జవాబివ్వడం మానేశాం.
నేను యోరున్ టీచర్ని పిలిచాను, ఆమె పోలీసుల్ని,
ఆ తర్వాత వాడి నాన్నని.
చేపల ఫ్యాక్టరీ నుంచి రబ్బరు ఏప్రన్‌తోనే వచ్చాడాయన.
ఏమంటాడోనని నేనే భయపడ్డాను.
ఏమీ అనలేదు. కొడుకు తల మీద చెయ్యి వేశాడు,
చేతికి చేపల కంపు ఉందని గుర్తొచ్చి తీసేశాడు,
మళ్లీ వేశాడు.

పన్నెండైంది. మోగింది భోజనం గంటే.
ఆ ఫోటో ఎవరికైనా చేరిందో లేదో నాకు తెలియదు.
చేరదని పోలీసావిడ కూడా మాటివ్వలేదు.
అస్లాక్ రెండు రోజులు రాలేదు.
మూడోరోజు వచ్చి ఫోన్ పద్నాలుగులో పెట్టాడు.
హోటల్ జోకు వెయ్యలేదు.

చెక్కపెట్టె పక్కన ఒక కుర్చీ వేశాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నిన్న ఇరవై రెండో అర అమ్మాయి దానిలో కూర్చుని
బూటు లేసు కట్టుకుంటోంది,
కట్టిందే విప్పి మళ్లీ కట్టుకుంటోంది.
నేను నిచ్చెనెక్కి అక్కడే బల్బు మారుస్తున్నాను.
ఆ బల్బు బాగానే ఉంది.